ఇటలీ బొమ్మల పుస్తకాలు, మందమర్రి ముఖాలు

కొత్తగా డ్రాయింగ్ టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. చాయ్ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెడతారు. "మేడం, మాకు పీరియడ్లే ఇస్తలేరు. ఇచ్చినా లెక్కల సార్ గుంజుకుంటుండు. ఇగ మేం చేసే పని ఏంది?" అంటారు. నేను చేసిందీ అదే ఉద్యోగం కాబట్టి జవాబు నా దగ్గర ఉండాలి. ఉంది కూడా. కాకపోతే అది నాకు శిక్షణ తరగతుల్లోనూ, ఆఫీసర్ల ఉపన్యాసాల్లోనూ దొరకలేదు. కొన్ని వందల ఏళ్ల కిందట ఇటలీలో బతికిన చిత్రకారుల గురించి రాసిన పుస్తకాల్లో దొరికింది. మందమర్రిలో కూర్చుని ఇటలీ పుస్తకాలేమిటని నవ్వేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నవ్వనివ్వండి.

ముందే ఒక మాట. ఇందులో ఆ చిత్రకారుల పేర్లు రాయను. పేర్లు మన పిల్లలకు బాగానే వచ్చు. ఫలానా బొమ్మ ఎవరు గీశారంటే నాలుగు ఆప్షన్లలో సరైనది టక్కున పెట్టేస్తారు. పెట్టేసి, ఆ బొమ్మను జన్మలో ఒక్కసారి కూడా నిదానంగా చూడరు. పేరు తెలిస్తే బొమ్మ తెలిసినట్టే అనుకునే రోగం మనది. అందుకని పేర్లు పక్కన పెట్టి పని గురించి మాట్లాడతాను.

బ్యానర్ల ఉద్యోగం

నా మొదటి పోస్టింగ్ హుజూరాబాద్ దగ్గర ఒక హైస్కూల్లో. అక్కడి హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు. కానీ ఆయన లెక్కలో డ్రాయింగ్ టీచరంటే నెల జీతం తీసుకునే పెయింటర్. స్కూలు గోడల మీద నినాదాలు, పంద్రాగస్టుకు బ్యానరు, ఎవరైనా రిటైరైతే సన్మానపత్రం, ఆయన మేనకోడలి పెళ్లి కారుకు థర్మకోల్ అక్షరాలు, అన్నీ నేనే. క్లాసుకు బయల్దేరితే వెనక్కి పిలిచేవారు.

"క్లాసు రేపు జూద్దాం గని, గా గోడ మీద అక్షరాలు వంకర వోయినయి. జర సక్కగ చెయ్యమ్మా."

నాకు ఒళ్లు మండేది. మా చర్చి గోడల మీద బైబిల్ వాక్యాలు రంగుతో రాసింది మా బాపే, అంటే మా నాన్నే. ఆ నిచ్చెన పట్టుకుని, రంగు డబ్బాలు అందిస్తూ పెరిగిన దాన్ని. అక్షరాలు రాసే పని నుంచి బొమ్మలు వేసే పనికి ఎదగాలని చదువుకుంటే, ఉద్యోగం వచ్చాక మళ్లీ అక్షరాలేనా అని ఏడుపొచ్చేది. ఏడ్చాను కూడా. బ్యానరు రాయడం అవమానమని, బొమ్మ వేయడం గౌరవమని అప్పుడు గట్టిగా నమ్మేదాన్ని.

విఠల్ సార్ అల్మారా

మందమర్రికి బదిలీ అయ్యాక అక్కడి హెడ్మాస్టరు విఠల్ సార్. ఆదిలాబాద్ మనిషి. వాళ్ల వైపు మాటలో మరాఠీ కలుస్తుంది కదా, తోటి ఆడ టీచర్లందరినీ అక్కా అన్నట్టుగా "తాయీ" అని పిలిచేవారు. హెడ్మాస్టరైనా సోషల్ క్లాసు వదల్లేదు. ఒకరోజు యూరప్ పునరుజ్జీవనం పాఠం చెబుతున్నారు. పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మలు పోస్టల్ స్టాంపంత ఉంటాయి, నల్లగా అలికినట్టు. ఒక పిల్ల లేచి, "సార్, గీమె నవ్వుతుందా, ఏడుస్తుందా?" అని అడిగింది. సార్ పుస్తకం కళ్ల దగ్గర పెట్టుకుని చూశారు, దూరం పెట్టి చూశారు, చివరికి ఆయనకే నవ్వొచ్చింది.

మర్నాడు తువ్వాలులో చుట్టుకుని ఒక బరువైన పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే చోట కొన్నదట.

"తాయీ, చరిత్ర నేను చెప్తా. బొమ్మ మీరు చెప్పాలె. నాకు బొమ్మ చూస్తే తారీకు కనవడుతది గని ఇంకేం కనవడది."

ఇంత నిజాయితీగా మాట్లాడిన పైఅధికారి నాకు మళ్లీ దొరకలేదు. ఆ రోజు నుంచి స్కూలు వదిలాక, ఆయన బస్సు వచ్చేదాకా, ఆఫీసు గదిలో ఆ పుస్తకం చదివేవాళ్లం. ఇంగ్లీషు గట్టిది. ఆయనకు రాని మాట నాకు వచ్చేది కాదు, నాకు రాని మాట ఆయనకు వచ్చేది కాదు, ఇద్దరికీ డిక్షనరీయే దిక్కు. ఒక పుస్తకం అయ్యాక ఇంకొకటి వచ్చింది. ఆయన అల్మారాలో రికార్డులు కింది అరకు దిగి, ఇటలీ పై అర ఎక్కింది.

ఆ చదువులో నన్ను మొదట పట్టి కుదిపింది ఏ గొప్ప బొమ్మా కాదు, వాళ్ల పనిశాల. ఆ రోజుల్లో చిత్రకారుడంటే దుకాణం పెట్టుకున్న పనివాడు. కింద చేరినవాడు ముందు రంగులు నూరాలి, చెక్కకు తెల్ల పూత పూయాలి, బంగారు రేకు అతకాలి. ఇక గురువు చేసే పనులేమిటనుకున్నారు? చర్చికి బొమ్మ వేసేవాడే ఊరేగింపు జెండాలు రాసేవాడు, పెళ్లికూతురి పెట్టెకు రంగులు వేసేవాడు, దొరగారి గుర్రానికి కప్పే గుడ్డ కూడా అలంకరించేవాడు. ఏ చేత్తో జెండా రాశాడో ఆ చేత్తోనే ఇప్పుడు ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసే గోడలు వేశాడు. అది చదివి పుస్తకం మూసేశాను. హుజూరాబాద్‌లో ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి సిగ్గు, ఆ వెంటనే సంతోషం. మా బాపు ఆ పనిశాలలో పుట్టి ఉంటే ఎవరూ తక్కువగా చూసేవారు కాదు కదా అనిపించింది. ఆ తర్వాత నేను బ్యానరు రాయడానికి ఎప్పుడూ మొహం ముడుచుకోలేదు. అక్షరం అక్షరానికీ మధ్య ఎడం చూసుకుంటూ రాశాను.

రెండో ఆశ్చర్యం సున్నం గోడ. తడి సున్నం మీద రంగు వేస్తే అది గోడలో కలిసిపోతుంది, ఆరితే ఇక పట్టదు. అందుకని ఆ రోజు ఎంత మేర వేయగలడో అంత మేరకే సున్నం పూయించుకునేవాడు చిత్రకారుడు. ఒక్కో రోజు ఒక తల, ఒక చేయి, కాస్త ఆకాశం. దగ్గరికెళ్లి చూస్తే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో అతుకులు ఇప్పటికీ తెలుస్తాయట. కొత్త టీచర్లకు నేను చెప్పే పాఠ ప్రణాళిక అంతా ఇదే. ఎండేలోగా పూర్తి చేయగలిగినంతే మొదలుపెట్టండి. సిలబస్ మొత్తం ఒకేసారి గోడకు పూసి చేతులు దులుపుకోకండి.

అన్ని పుస్తకాలూ మంచివని కాదు. కొన్ని పుస్తకాలు ప్రతి బొమ్మ దగ్గరా ఆహా ఓహో అని మూర్ఛపోతాయి. అలాంటివి నాలుగు పేజీలు చదివితే చక్కెర ఎక్కువైన చాయ్ తాగినట్టుంటుంది. నీలం రంగు ఏ దేశం రాయి నుంచి వచ్చింది, దానికి డబ్బెవరిచ్చారు, ఇచ్చినవాడు బొమ్మలో ఏ మూల మోకరిల్లి కూర్చున్నాడు అని చెప్పే పుస్తకమే పుస్తకం. మన పాఠ్యపుస్తకాలు పునరుజ్జీవనం అంటే ఒకరోజు పొద్దున యూరప్ అంతా ఒక్కసారి నిద్ర లేచినట్టు రాస్తాయి. విఠల్ సార్ దానికి పడీపడీ నవ్వేవారు. "ప్లేగు వచ్చింది, లడాయిలైనయి, ఒకన్నొకడు పొడుచుకున్నరు, గా నడుమనే గీ బొమ్మలేసిన్రు తాయీ. నిద్ర లేసుడు గాదు, నిద్ర లేక చేసిన పని గిది." ఆ మాట ఆయన ఎక్కడా చదివింది కాదు, సొంతమే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను వీటిలో ఒక్క అసలు బొమ్మ కూడా చూడలేదు. అన్నీ అచ్చులోనే. ఒకే బొమ్మ ఒక పుస్తకంలో పచ్చగా, ఇంకోదాంట్లో పసుపుగా ఉంటుంది. ఏది నిజమో చెప్పేవాళ్లు లేరు. అయినా ఆ చేతులకు నేను మొక్కుతాను.

చిన్నదైపోయిన ఇల్లు

దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా కనిపించేలా గీతల లెక్క కట్టింది ఆ ఇటలీవాళ్లే. ఆ పాఠానికి మందమర్రి కంటే మంచి ఊరు ఉండదు. బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లు వరసగా, అన్నీ ఒకేలా, రోడ్డు చివరిదాకా. తొమ్మిదో తరగతిని రోడ్డు మొదట్లో నిలబెట్టి గీయించాను. అందరూ బాగానే గీశారు. రజిత అనే పిల్ల మాత్రం పెన్సిల్ కింద పడేసి కూర్చుంది. వాళ్లది చివరి క్వార్టర్.

"మా ఇల్లు గంత చిన్నగ లేదు మేడం. గీళ్ల ఇల్లెంతనో మా ఇల్లు గంతే. రెండూ కంపెనీ క్వార్టర్లే గద!"

మొదటి క్వార్టర్ పిల్ల కిసుక్కున నవ్వింది. ఇద్దరికీ జడలు పట్టుకునేదాకా వచ్చింది. అందరినీ నడిపించుకుంటూ రోడ్డు ఆ చివరికి తీసుకెళ్లి, రజిత ఇంటి ముందు నిలబెట్టి, మళ్లీ గీయమన్నాను. ఇప్పుడు మొదటి పిల్ల ఇల్లు అగ్గిపెట్టెంత అయింది. ఇద్దరూ ఒకరి బొమ్మ ఒకరు చూసుకుని చల్లబడ్డారు.

విఠల్ సార్ రెండు బొమ్మలూ ఆఫీసు గదిలో పక్కపక్కనే అంటించారు. వచ్చిన ప్రతి ఇన్స్పెక్టరుకూ అవి చూపించి, ఏ ఇల్లు పెద్దదో చెప్పమని అడిగి పరేషాన్ చేసేవారు.

ముక్కు మీద గడ్డలున్న తాత

ఇక నాకు ప్రాణమైన బొమ్మ. ఎర్ర అంగీ వేసుకున్న ఒక ముసలాయన. ఆయన ముక్కు నిండా గడ్డలు, ఏదో చర్మరోగం. ఆయన ఒంటికి ఆనుకుని బంగారు జుట్టు మనవడు, తలెత్తి తాత ముఖంలోకి చూస్తుంటాడు. డబ్బిచ్చి వేయించుకున్నవాళ్ల బొమ్మ కదా, కాస్త ముక్కు సరిచేస్తే ఎవరు అడిగేవారు? కానీ ఒక్క గడ్డా తగ్గించలేదు ఆ మహానుభావుడు. క్లాసులో చూపిస్తే పిల్లలు ముందు పకపకా నవ్వారు. నేను పుస్తకం అలాగే పట్టుకుని నిలబడ్డాను. నవ్వులు సద్దుమణిగాక ముందు వరసలోంచి ఒకమ్మాయి మెల్లగా అంది.

"గా పొల్లగాడు ముక్కు సూస్తలేడు మేడం. తాతను సూస్తుండు."

నా సర్వీసులో విన్న కళా విమర్శల్లో అంతకన్నా మంచిది లేదు.

ఈ బొమ్మ నాకు ఇంత ఎందుకు పట్టిందంటే, మా ఊళ్లో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి నడుస్తుంది. ఎవరైనా పోతే ఇంట్లో పెద్ద ఫోటో పెట్టాలి. ఉన్నది ఏ గుర్తింపు కార్డు మీదో చిన్న ఫోటో. దాన్ని స్టూడియోకిస్తే అతను పెద్దది చేసి, పనిలో పనిగా మనిషినే మార్చేస్తాడు. ఒళ్లు తెల్లబడుతుంది, మచ్చలు పోతాయి, జన్మలో చొక్కా గుండీలు పెట్టుకోని మనిషికి కోటు, టై వస్తాయి. వెనక మంచుకొండలు కూడా వస్తాయి. స్టూడియోవాళ్లను తప్పుపట్టను, అడిగేది మనమే. కంప్యూటర్లు రాకముందు ఈ పని డ్రాయింగ్ టీచర్లమే పెన్సిల్‌తో చేసేవాళ్లం. అప్పుడు నాకూ ఇదే చెప్పేవారు. "జర తెల్లగ చెయ్యుర్రి మేడం, కోటు ఎయ్యిర్రి."

సద్ది కట్టని మనిషి

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే శాంతవ్వది మా చర్చే. ఆమె భర్త దానియేలు బాయి పని, అంటే బొగ్గు గనిలో పని, చేసి రిటైరైన మనిషి. నేనింకా సర్వీసులో ఉండగానే ఆయన పోయారు. ఏడాది దగ్గరపడుతోంది. మా వాళ్లలో ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన కూటం పెట్టుకుంటారు. దానికోసం ఆటో నడిపే పెద్ద కొడుకు ప్రకాశ్, మస్కట్‌లో ఉన్న చిన్న కొడుకు మాట్లాడుకుని స్టూడియోలో ఫోటో చేయించారు. ఒకరోజు వంట అయ్యాక శాంతవ్వ నా దగ్గరకు వచ్చింది.

"మేడం, నువ్వు ఒక్కపారి మా ఇంటికి రావాలె."

వెళ్లాను. గోడ మీద పెద్ద ఫ్రేము. గులాబీ బుగ్గలు, నీలం కోటు, ఎర్ర టై.

"గీయన ఎవలో నాకు తెల్వదు మేడం. గీయనకు నేను ఎన్నడు సద్ది కట్టలే."

నాకు నవ్వాగలేదు. ఆమె నవ్వలేదు.

"నవ్వకు. గిది గోడకు పెట్టినకాడ సంది పొద్దున లేస్తే గిదే కనవడుతుంది. ఇప్పుడు కండ్లు మూసుకున్నా గిదే వస్తుంది. మా ఆయన మొకం పోతుంది మేడం. మరుస్తున్న."

ఆ మాటతో నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. భర్త ఎలాగూ పోయాడు, ఇప్పుడు ఆయన ముఖం కూడా ఆమె కళ్ల ముందే చెరిగిపోతోంది. "నువ్వు గీయి. మంచిగ వస్తే కూటంల పెడుదం. రాకుంటే ఏ ఫోటో వద్దు, గోడ ఉత్తగనే ఉండనియ్యి" అంది.

గుర్తింపు కార్డు ఫోటో తీసుకుని ఇంటికొచ్చి మొదలుపెట్టాను. దానియేలును నేనూ చర్చిలో చూసేదాన్ని. కుడి చెంప మీద కన్ను కింద నుంచి దవడ దాకా నీలం మచ్చ. గనిలో దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి లోపలే ఉండి గాయం మానితే, ఆ నీలం ఇక పోదు. మందమర్రిలో అలాంటి ముఖాలు చాలా కనిపిస్తాయి. నా తలలో మాత్రం గడ్డల ముక్కు తాత కూర్చున్నాడు. మచ్చతో సహా, కోటు లేకుండా, ఎదురుగా చూస్తున్నట్టు పెన్సిల్‌తో గీసి, గర్వంగా తీసుకెళ్లాను.

శాంతవ్వ చూసింది. కొంగుతో బొమ్మ మీద ఆ చెంప కప్పేసింది.

"గిది తియ్యి."

"అది ఆయన ముఖమే కదా శాంతవ్వా."

"ఆయన మొకం గాదు మేడం. గది సాయిలు సచ్చిన దినం."

సాయిలు, దానియేలు ఎప్పుడూ ఒకే షిఫ్టులో పనిచేసిన దోస్తులట. ఒకరోజు పక్కపక్కనే నిలబడి పనిచేస్తుంటే పైనుంచి బొగ్గు పడింది. సాయిలు అక్కడే పోయాడు. దానియేలు చెంప చీల్చుకుని పైకొచ్చాడు. "గా దినం సంది ఆయన అద్దం సూస్కోలే. గడ్డం గూడ చేతితోని తడుముకుంట గీసుకునేటోడు. మచ్చ మీద కన్ను పడితే సాయిలు యాదికొస్తడని. ఇంట్ల అద్దం నేనే తీసి దాసిన. బతికినన్ని దినాలు ఆయన సూడలేనిది, ఇప్పుడు గోడ మీద పెట్టి ఊరంతటికి సూపెడుదుమా?"

బొమ్మ చుట్టి సంచిలో పెట్టుకున్నాను. కొత్త టీచర్లకు ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకం నుంచి నేను ఒక సూత్రం తెచ్చుకున్నాను, ఉన్నది ఉన్నట్టు వేయాలని. కానీ ఆ బొమ్మలో గడ్డల ముక్కు పక్కన దాన్ని దాటి తాతను చూసే మనవడున్నాడు. నా బొమ్మలో ఉత్త మచ్చే ఉంది. గొప్ప బొమ్మల నుంచి సూత్రాలు తీసుకుంటే ఇలాగే అవుతుంది. మనం తీసుకోవలసింది ఆ చూపు.

రెండో వైపు

అప్పటికి విఠల్ సార్ రిటైరై ఆదిలాబాద్‌లో ఉంటున్నారు. వెళ్తూ వెళ్తూ అల్మారా పై అర మొత్తం నాకిచ్చేసి పోయారు. ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"తాయీ, గా ఒంటికన్ను దొర యాదికి లేడా? పెద్ద పుస్తకం తియ్యిర్రి."

తీశాను. ఇటలీలో ఒక సంస్థానం పాలించిన దొర. ఈటెల పోటీలో కుడి కన్ను పోయింది, ముఖం ఆ వైపు పాడయింది. చిత్రకారుడు ఏం చేశాడంటే, వెళ్లి ఆయన ఎడమ వైపు నిలబడ్డాడు. అంతే. ఆ పక్క నుంచి కనిపించే ముఖమే వేశాడు. అలాగని లేని అందం పెట్టలేదు. వంకర ముక్కు వంకరగానే ఉంది, చెంప మీది పులిపిర్లు అన్నీ ఉన్నాయి. అబద్ధం ఒక్కటీ లేదు, గాయమూ లేదు. ఇంకో పలక మీద ఆయన భార్య, ఆయనకు ఎదురుగా. వేసేనాటికే ఆమె పోయి ఉండొచ్చని ఆ పుస్తకం రాసినాయన అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. ఆ బొమ్మ నేను ఎన్నోసార్లు చూశాను, టోపీ రంగు గురించి పిల్లలకు పాఠం కూడా చెప్పాను. అందులో ఉన్న మర్యాద మాత్రం ఆ రోజే చూశాను.

పక్కముఖం వేస్తానంటే ప్రకాశ్ ఒప్పుకోలేదు. మా వైపు పోయినవాళ్ల ఫోటో నిండుగా ఎదురు చూడాలి. రెండు కళ్లూ కనబడాలి, లేకపోతే అశుభమంటారు. మస్కట్ నుంచి చిన్నోడు వీడియో కాల్‌లో బతిమాలాడు.

"కోటు లేకుంటె మానె గని మేడం, రెండు కండ్లన్న పెట్టుర్రి. ఒక్క కన్ను ఫోటో సూసి మంది నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్యి రా. మేడం గీయని, నేను జూస్త" అంది శాంతవ్వ. ఆ ఒక్క మాట మీద పని నిలిచింది. ఆమె ఒప్పుకుంటుందన్న భరోసా నాకూ లేదు.

ఎదురు ఫోటో నుంచి పక్కముఖం రాదు. ఇంకేదైనా ఉందా అని ఇల్లంతా వెతికిస్తే ప్రకాశ్ పెళ్లి గ్రూప్ ఫోటో దొరికింది. అందులో అందరూ కెమెరా వైపు చూస్తుంటే దానియేలు ఒక్కడే కుడి చెంప వెనక గోడకు తిప్పి, పక్కకు చూస్తున్నాడు. ముఖం చింతగింజంత ఉంది. మిగతాది కొడుకు నుంచి తీసుకోవాలి. ప్రకాశ్‌కు ముక్కూ దవడా తండ్రివే. ఆటో ఆపించి, మా వరండాలో పక్కకు తిప్పి కూర్చోబెట్టాను. మొదట్లో దోమలని, గిరాకీ పోతుందని తెగ గొణిగాడు. నేను నుదురు గీసి, ముక్కు గీసి, చెవి దగ్గరకు వచ్చేసరికి గొణుగుడు ఆగింది.

"బాపు చెవి కింద జర చినిగి ఉంటుండె మేడం" అన్నాడు అటే చూస్తూ. నేను మెడ దాకా దిగేసరికి, "మెడ మీద మూడు ముడతలు" అన్నాడు. కోటు మాట మళ్లీ ఎత్తలేదు.

రంగులు నెమ్మదిగా వేశాను, సున్నం గోడ మీద వేసేవాళ్లలా, రోజుకు పూర్తయ్యేంతే. కనురెప్పల అంచున గని మనుషులకు ఉండే నలుపు ఉంచాను. చినిగిన చెవి ఉంచాను. పాత తెల్ల బనీను, భుజం మీద తువ్వాలు. మచ్చ లేదు, దాచిందీ లేదు. అది ఆ వైపు ఉంది.

కూటం రోజు

ప్రార్థనకు ఇంకా జనం రాలేదు. వంటింటి ముందు గదిలో చాపలు పరిచారు. స్టూడియో ఫోటో దిగిపోయి మంచం కిందికి చేరింది. ప్రకాశ్ నా బొమ్మను తలుపు పైన, అందరి ఫోటోలూ ఉండే ఎత్తున తగిలించాడు. శాంతవ్వ పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలెత్తి చూసింది. నేను తీర్పు కోసం తలుపు పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో ఏ ఆఫీసరు ముందూ అలా నిలబడలేదు.

"గాడ గాదు. దించు" అంది చివరికి.

ఇక అయిపోయిందనుకున్నాను. ప్రకాశ్ నా వైపు చూసి, స్టూలెక్కి దించాడు. ఆమె బొమ్మను రెండు చేతులా తీసుకుని, వంటింట్లో పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ దగ్గరకు వెళ్లి, కింద, నేల నుంచి మూరెడు ఎత్తున ఆనించి పట్టుకుంది.

"గీడ కొట్టు మొల."

"గంత కిందనా? ఎవలన్న గిట్ల ఫోటో పెడ్తరానే అవ్వా? పిల్లలు తంతరు."

"కూసున్న మనిషి గంత మీద ఉంటడారా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "డ్యూటీ దిగి వచ్చి తింటానికి గిట్లనే కూసునేటోడు మేడం. గా చెంప గోడకు, గీ చెంప నాకు. గా దినం సంది బతికినన్ని దినాలు గిట్లనే. ఒక్కనాడు ఇటు తిరిగి కూసోలే. నేను ఎరిగిన మొకం గిదే. నీకెట్ల తెలిసింది?"

నాకు తెలియదు. ఆ వైపు ఎంచుకున్నది నేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎప్పుడో ఎంచుకున్నది ఆయనే. అక్కడే నిలబడి ఏడ్చాను.

ప్రకాశ్ మేకు కొట్టాడు. శాంతవ్వ బొమ్మ తగిలించి, కొంగుతో ఒకసారి తుడిచి, వెళ్లి పొయ్యి ముందు తన పీట మీద కూర్చుంది. బయట చెప్పుల చప్పుడు మొదలైంది. ఆమె బొమ్మ మీద నుంచి కళ్లు తిప్పకుండానే కొడుకుతో అంది.

"ఇగ అందర్ని లోపటికి పిలువు. మీ బాపు కూసున్నడు."